వెదురు బ్రష్షు పెద్దమనిషి

హైదరాబాద్ నుంచి తాడోబా పులుల్ని చూడ్డానికి వెళ్లే పెద్దమనుషుల్లో ఒక రకం ఉంది. వెదురు బ్రష్షు, రాగి సీసా, గుడ్డసంచి, కొబ్బరి పీచు. వీటిని మోయడానికి ఏడు సీట్ల డీజిల్ బండి. మనుషులు మాత్రం ఇద్దరే. మిగతా అయిదు సీట్లలో పర్యావరణ పరిరక్షణ కూర్చుంటుంది.

ఈ పెద్దమనిషి ఆదిలాబాద్ నుంచి జైనథ్, బేల మీదుగా కోర్పనా చేరతాడు. కోర్పనా ఉన్న రాజురా ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. తర్వాత నాందేడ్‌లో కలిసి, 1959లో చంద్రపూర్ జిల్లాకు మారింది. మరాఠీ, గోండి, తెలుగు మూడూ వినిపించే నేల. ఈ చరిత్రంతా ఆయన భార్యకు చెబుతాడు, కారు అద్దం దించకుండానే.

"ఏవండీ, ఇక్కడ కాస్త పోహా తిని, చాయ్ తాగి వెళ్దామా?"

"బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఎంత పొగో తెలుసా? ఫ్లాస్కులో గ్రీన్ టీ ఉందిగా!"

అలా కోర్పనా ఆయన వల్ల ఏ హానీ జరక్కుండా బయటపడుతుంది. పైసా లాభమూ లేకుండా.

గడ్‌చాందూర్ దగ్గరపడేసరికి సిమెంటు లారీలు ఎదురవుతాయి. కోర్పనా తాలూకా నేలంతా సున్నపురాయి. ఆవార్‌పూర్, నారండా, ఉప్పర్‌వాహీ ఎటు చూసినా ఫ్యాక్టరీలే. "ప్రకృతిని తినేస్తున్నారు" అని నిట్టూరుస్తాడు. హైదరాబాద్‌లో ఆయన మూడంతస్తుల మేడ బహుశా బంకమట్టితో కట్టి ఉంటారు.

తాడోబా 1955లో నేషనల్ పార్కయింది, మహారాష్ట్రలో అదే మొదటిది. 2024 డిసెంబరు 31న తాడోబా ఉన్న విదర్భలోనే ఉమ్రేడ్-కర్హాండ్లా అభయారణ్యంలో సఫారీ జీపులు ఒక ఆడపులినీ దాని అయిదు కూనల్నీ దారిలో చుట్టుముట్టాయి. నాగపూర్‌లోని హైకోర్టు బెంచి తనంతట తానే కేసు చేపట్టింది. ఆ వార్త చదివి మన పెద్దమనిషి మండిపడ్డాడు. సఫారీలో కూర్చున్నాక "భయ్యా, థోడా ఔర్ ఆగే" అన్నదీ ఆయనే. పులి కనబడకపోతే ఆ తప్పు గైడుదే, టిప్పు రద్దు.

అసలు ప్రతిభ బయటపడేది తిరుగు ప్రయాణంలో. చుట్టుదారైనా సరే, జైనూర్ మండలం ఉషేగావ్ వెళతాడు. అక్కడి ఓజా కళాకారులది డోక్రా అనే ఇత్తడి బొమ్మల పని. మట్టి ముద్ద మీద తేనెమైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ చేతికొస్తుంది కాబట్టి ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇదంతా శ్రద్ధగా విని ఆయన అడిగే ప్రశ్న:

"ఇత్తడి కిలో ఎంతుందిప్పుడు?"

"బొమ్మని తూకానికి అమ్మం సార్."

బేరం గంటసేపు సాగుతుంది. చివరికి అన్నిటికన్నా చిన్న నెమలిని సగం ధరకు తీసుకుని, చేసినవాడి భుజం మీద చెయ్యేసి ఫొటో దిగుతాడు. కింద ఏం రాస్తాడో తెలుసుగా: స్థానిక కళలను ఆదరించండి.

మీరూ అటు వెళ్తుంటే రెండు మాటలు. టిఫిన్ ఆదిలాబాద్‌లో కట్టించుకోకండి, కోర్పనాలో తినండి. బొమ్మకు చెప్పిన ధర ఇచ్చేయండి; ఫొటో తీసుకునే ముందు అడగండి. బ్రష్షు ప్లాస్టిక్‌దైనా అక్కడివాళ్లేమీ అనుకోరు.