నాలుగు మీటర్ల పద్యానికి టీకా తాత్పర్యం

సందర్భం: 2025 దసరాకు కార్ల షోరూం ముందు వరుసలో నిలబడి ఒక కవి చెప్పినది.

ఆ.వె.
నాల్గు మీటరులకు నరికిరి తోకను
పన్ను తగ్గునంచు పరుగు తీసి
ఎత్తు బండి నెక్కి యెల్లరు మురిసిరి
దసర వచ్చె ననుచు దండ వేసి

టీక: తోకను = డిక్కీని; నరికిరి = కంపెనీలవారు కోసిరి; పరుగు తీసి = కొనేవారు షోరూముకు ఉరికి; ఎత్తు బండిన్ = ఎస్‌యూవీని; ఎక్కి = అప్పుతో సహా ఎక్కి; దండ వేసి = బంతిపూల దండ కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి; ఎల్లరు = అందరును (డీలర్ల సంఘం ఫాడా రిటైల్ లెక్కల్లో ఏళ్ల తరబడి తెలంగాణ వారు తప్ప; ఆ లెక్క కేంద్రపు వాహన్ పోర్టల్‌ది, తెలంగాణ అన్నేళ్లూ అందులో లేదు).

తాత్పర్యం: చిన్న కారంటే నాలుగు మీటర్లు మించనిది, ఇంజను పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటనిది అని 2006 బడ్జెట్టు గీత గీసి, ఎక్సైజు సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి దించింది. నాటి నుంచి కారు గీసే ఇంజనీరు పక్కన పన్ను టేపు కూడా కూర్చుంది. 2012లో డిజైర్ డిక్కీ కోయించుకుని గీత లోపలికి వచ్చింది. పొడవుకే హద్దు, ఎత్తుకు లేదు. కాబట్టి కార్లు పైకి పెరిగాయి. 2024లో దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన టాటా పంచ్ ఆ కొలతల బిడ్డే. తయారీదారుల సంఘం సియామ్ లెక్కన 2024–25లో అమ్ముడైన 43 లక్షల ప్రయాణికుల వాహనాల్లో నూటికి 65 యుటిలిటీ బండ్లే.

2025 ఆగస్టు 15న పన్ను తగ్గింపు మాట చెవిన పడగానే చాలామంది కొనడం వాయిదా వేశారు. సెప్టెంబరు 21తో పితృపక్షం ముగిసింది. మర్నాడే, శరన్నవరాత్రుల తొలిరోజున, చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి దిగింది. సర్కారువారి గెజిట్టూ సిద్ధాంతిగారి పంచాంగమూ ఏకవాక్యత పొందిన అరుదైన ఘట్టమని భావం.

ఆక్షేపం: మురిసినవారు ఎందరో ఎలా తెలుసు?
సమాధానం: ఎవరి లెక్క వారిది. సియామ్‌కు కారు ఫ్యాక్టరీ నుంచి డీలరుకు బయల్దేరితే అమ్ముడైనట్టే. ఫాడాకు రిజిస్ట్రేషన్ అయితేనే అమ్మకం. నడుమ యార్డులో ఎండకు నిలిచిన కారు అమ్ముడైనదీ, కానిదీ. దాని వడ్డీ మాత్రం నిస్సందేహంగా డీలరుదే.

విశేషాలు: దసరాకు దీర్ఘం కుదించినది ఛందస్సు కోసం, కారుకు కుదించినది పన్ను కోసం. రెండూ సాధువులే. షోరూంలో చెప్పే మైలేజీ పద్యంలో ఎక్కడా లేదు కనుక అతిశయోక్తి కాదు; స్వభావోక్తి అలంకారం.