బియ్యం నిండుకున్నాయి: టీకా తాత్పర్య సహితం

మూలం: “ఏమండీ! బియ్యం నిండుకున్నాయి.”

అవతారిక: ఆదివారం పొద్దున వంటింట్లో డబ్బా అడుగున గ్లాసు గీరుకున్న చప్పుడయింది. ఆ వెంటనే వెలువడిన వాక్యమిది. వక్త ఇల్లాలు. శ్రోత వరండాలో పేపరు తిరగేస్తున్న గృహస్థు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది, ఈ సందర్భానికి తగ్గట్టే, మెతుకుసీమ. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరని చెబుతారు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన నియమం. ప్రస్తుత టీకాకారుడు మొదటిది పాటిస్తాడు. రెండోదానికి హామీ లేదు.

ప్రతిపదార్థం: ఏమండీ = ఓ భర్తా (బస్సులో కండక్టర్ని పిలిచినా ఇదే మాట; వంటింట్లోంచి వస్తే మాత్రం ప్రపంచంలో ఒక్కరికే చెందుతుంది. మొగుడి పేరు నోట పలకని కాలం మిగిల్చిపోయిన పిలుపు); బియ్యం = తండులములు (పాలు, నీళ్ళలాగే బహువచన క్రియను కోరుతుంది); నిండుకున్నాయి = అయిపోయాయి.

ఆక్షేపం: నిండడమంటే అంచుదాకా చేరడం కదా! డాలస్‌లో పెరిగిన మనవడు ఈ మాట వింటే “మంచిదేగా నానమ్మా” అనడా?

సమాధానం: అంటాడు. ఆలంకారికులు దీనికి ఏనాడో దారి చూపారు. మామూలు అర్థం పొసగనప్పుడు దానితో సంబంధమున్న మరో అర్థాన్ని పట్టుకోవాలి. అందుకు రూఢి గానీ ప్రయోజనం గానీ ఉండాలి. దీని పేరు లక్షణ. ఆ సంబంధం వైపరీత్యమైతే విపరీతలక్షణ. డబ్బా నిండుగా ఉంటే గ్లాసు అడుక్కి తగలదు గనుక ముఖ్యార్థం చెల్లదు. ఇక ప్రయోజనమంటారా, ఇంట్లో ‘లేవు’ అనే మాట పుట్టకుండా చూడటం. నెత్తిమీద తథాస్తు దేవతలు తిరుగుతుంటారని పెద్దల భయం మరి. అందుకే దీపం ఆరదు, కొండెక్కుతుంది. మంగళసూత్రం తెగదు, పెరుగుతుంది. పాము కరిచిందనరు, పురుగు ముట్టిందంటారు. గుమ్మంలో బిచ్చగాడికి వెయ్యడానికి ఏమీ లేకపోతే ‘చెయ్యి ఖాళీ లేదు’ అంటారు. ఆ చేతిలో నిజానికి ఉన్నది ఖాళీయే.

మతాంతరం: ఇందులో తలకిందులేమీ లేదనీ, నిండడమంటే పూర్తికావడమేననీ మరో వర్గం వాదిస్తుంది. వాళ్ళకూ సాక్ష్యాలున్నాయి. నెలలు నిండితే పురుడు. నూరేళ్ళు నిండితే పాడె.

ఈ రెండు వర్గాలనూ ఇరుకున పెట్టే ప్రయోగం ఒకటుంది. ‘కళ్ళలో నీళ్ళు నిండుకున్నాయి’ అంటే వచ్చాయని. ‘బిందెలో నీళ్ళు నిండుకున్నాయి’ అంటే అయిపోయాయని. అవే నీళ్ళు, అదే క్రియ, పాత్ర మారిందంతే. బిందె రోజూ వాడుకుంటే తరిగే సరుకుల లోకంలోది, కన్ను కాదు. భర్తృహరి వాక్యపదీయంలో మాటకు అర్థం తేల్చేవాటిని లెక్కిస్తూ ప్రకరణాన్నీ (అంటే సందర్భాన్నీ), దేశకాలాలనూ చేర్చింది ఇలాంటి చిక్కులకే. శాస్త్రకారులు చెప్పే సైంధవం కథా ఇదే. విస్తరి ముందు కూర్చున్నవాడు సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి. ప్రయాణానికి లేచినవాడు తెమ్మంటే గుర్రాన్ని తేవాలి.

విశేషం: పత్రికలకు శుభాశుభాల పట్టింపు లేదు. వాటిలో ఖజానా, మందుల నిల్వలు, బ్లడ్ బ్యాంకులో రక్తం అన్నీ నిండుకుంటాయి. అక్కడ ప్రయోజనం జారిపోయి రూఢి ఒక్కటే మిగిలింది. తెలంగాణ పాఠం ‘బియ్యం ఒడిసినయ్’. ఈ పాఠంలో దాపరికం లేదు, టీకాకారుడికి పనీ లేదు.

ధ్వని: పొద్దుగూకిందన్న ఒక్క ముక్క వినేవాళ్ళను బట్టి ఎన్ని రకాలుగా పలుకుతుందో కాశ్మీర మమ్మటుడు కావ్యప్రకాశంలో చూపాడు. ఒకరికి ఆవుల్ని ఇంటికి తోలమని, ఇంకొకరికి అంగడి సరుకు సర్దుకోమని. మన మూలమూ ఆ జాతిదే. అత్త కోడలి చెవిలో అంటే, పక్కింటికెళ్ళి రెండు గ్లాసులు బదులు తెమ్మని. అప్పులవాడి ఎదుట అంటే, ఇవాళ్టికి వెళ్ళిరమ్మని. దిగి వారమైన చుట్టాలకు వినిపించేలా అంటే ఏమిటో వివరించడం మర్యాద కాదు.

కాలనిర్ణయం: గృహస్థు కొట్లో ‘ఒక బస్తా’ అన్నా ప్రకరణం తప్పదు. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది. దాంతో 26 కిలోల బస్తాలు బజారుకొచ్చాయి. ఆ ఒక్క కిలో అర్థం తెలియాలంటే నిఘంటువు చాలదు, పన్నుల షెడ్యూలు చూడాలి.

తాత్పర్యం: ఏమండీ, ఆ పేపరు పక్కన పెట్టి కొట్టుకు వెళ్ళిరండి.