కొత్త పాత సరుకు

మా మిత్రుడికి మొయినాబాద్ మండలం సురంగల్‌లో ఓ ఫామ్‌హౌసు ఉంది. ఫామ్ సంగతి నాకు తెలీదు గానీ హౌసైతే ఉంది. ఆ హాల్లో ఏసీ గాలి సరిగ్గా తగిలేచోట ఓ గాజు బీరువా. లోపల నల్ల మఖ్మల్ గుడ్డ మీద ఒక పెడల్ (జత కాదు, ఒకటే), రెండు బ్రేకు లివర్లు, మూడు హబ్బులు, ఓ చెయిన్ వీలు, వేసవి చెరువులా పగుళ్లిచ్చిన తోలు సీటు. చుట్టాలెవరైనా వస్తే ముందు చేతులకు తెల్ల గ్లౌజులు తొడుక్కుంటాడు, ఆ తర్వాతే బీరువా తాళం తీస్తాడు. చేతికి గ్రీజు అంటకుండా సైకిల్ సామాను పట్టుకున్న మనిషిని నా జన్మలో అక్కడే చూశాను.

అక్కడ అడక్కూడని ప్రశ్న ఒకటుంది: "సైకిల్ ఏదిరా?" నేనడిగాను. పెళ్లి పందిట్లో తద్దినం మాటెత్తినవాణ్ణి చూసినట్టు చూశాడు.

ఇవన్నీ ఆన్‌లైన్ వేలంలో, దేశాలు దాటి వచ్చినవి. ఆ వేలానికో భాషుంది, రెండు నెలలు కూర్చుంటే పట్టుబడుతుంది. తుప్పును తుప్పనకూడదు, 'పాటినా' అనాలి. 'అన్‌టెస్టెడ్' అంటే చూశాను, పనిచెయ్యలేదు అని. 'రేర్' అంటే అమ్మేవాడి దగ్గర ఒకటే ఉందని. అన్నింటికన్నా గొప్ప మాట 'ఎన్.ఓ.ఎస్.', న్యూ ఓల్డ్ స్టాక్. అంటే కొత్త పాత సరుకు, ఎప్పుడో తయారై వాడకుండా మిగిలిపోయింది. మన వీధి కిరాణా సేటు గడువు దాటిన బిస్కెట్ పొట్లం ఇదే పేరుతో అంటగడితే వినియోగదారుల కమిషన్ మెట్లెక్కుతాం. అదే మాట ఇంగ్లండు నుంచి వస్తే పౌండ్లు కట్టి కళ్లకద్దుకుంటాం.

మూడు హబ్బుల్లో ఒకటి స్టర్మీ-ఆర్చర్ ఏడబ్ల్యూ. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1930ల నుంచి దశాబ్దాల తరబడి లక్షల్లో తయారుచేసిన మూడు గేర్ల హబ్బు అది. అరుదు అన్న మాటకు అంత దూరంలో ఉన్న వస్తువు సైకిల్ లోకంలో మరోటి దొరకడం కష్టం. కానీ దాని పెంకు మీద తయారైన ఏడాదీ నెలా అంకెల్లో గుద్ది ఉంటాయి. మావాడు తను పుట్టిన నెలా ఏడాదీ ఉన్న హబ్బే కావాలని ఎనిమిది నెలలు గాలించాడు. కూతురికి సంబంధాలు చూసేటప్పుడు కూడా జాతకం దగ్గర అంత పట్టుబట్టలేదు. పార్సిల్ దారిలో ఎక్కడో మూడు వారాలు ఆగిపోతే, పక్కనే ఉన్న చిలుకూరు బాలాజీ దగ్గరికెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసొచ్చాడు. వీసాలిచ్చే దేవుడికి హబ్బుకో వీసా ఇవ్వడం ఎంతపని? అది చేరాక మొక్కు ప్రకారం నూట ఎనిమిదీ తిరిగాడు. ఆ హబ్బు పుణ్యాన ఈ దేశంలో ఏదైనా గుండ్రంగా తిరిగిందంటే అది మావాడొక్కడే.

ఇక పాట పాడే తీరు. ఇంగ్లండులో ఎండాకాలం ఆదివారం రాత్రి ఎనిమిదికి ముగిసే పాట మనకు అర్ధరాత్రి దాటి, అంటే సోమవారం పన్నెండున్నరకు ముగుస్తుంది. నిజానికి మేలుకోనక్కర్లేదు. ఎంతదాకా పెడతావో ముందే చెప్పేసి పడుకుంటే, నీ తరపున యంత్రమే కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతుంది. కానీ పడుకుంటే మజా ఏముంది? తొమ్మిది సెకన్లుండగా దూరి పైపాట కొట్టి, ఎదుటివాడు తేరుకునేలోపు గంట కొట్టించెయ్యాలి. ఆ ఎదుటివాడు ఒసాకాలో ఉన్నాడో ఒంగోలులో ఉన్నాడో తెలీదు, పేరుండదు, సగం చుక్కలే. గెలిచినవాడు అర్ధరాత్రి ఒంటరిగా ఎగిరి గంతేస్తాడు, పక్కగదిలో భార్య దొంగలనుకుని లేస్తుంది.

మనకు వేలంపాట కొత్తా? బాలాపూర్ గణేశుడి లడ్డు 1994లో 450 రూపాయలు పలికింది, 2024లో 30 లక్షల వెయ్యి. దాన్ని చూసి నవ్వేవాళ్లలో మావాడు ముందుంటాడు, "మూఢనమ్మకం" అంటాడు. అయ్యా, ఆ పాట పట్టపగలు, వందలమంది ముందు, ఎవడు ఎవడి మీద పెంచుతున్నాడో మొహాలు చూసుకుంటూ సాగుతుంది. పాడుకున్నవాడు లడ్డు ఊరికి పంచుతాడు, చిటికెడు పొలంలో చల్లుకుంటాడు. చివరికి ఎవరో ఒకరి నోరు తీపవుతుంది. నీ పెడల్‌ను ఎవడు నాకాలి?

అమెరికాలో 1995లో మొదలైన పెద్ద వేలం సైటు ఈబే కథ ఒకటి అందరూ చెప్పుకునేదే. అందులో మొదట అమ్ముడుపోయింది విరిగిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకు. పెట్టినాయనకే అనుమానమొచ్చి కొన్నాయన్ను అడిగాడట, అది పాడైందని తెలుసు కదా అని. నేను విరిగినవే పోగేస్తాను అని జవాబు. పునాదిరాయే అలా పడింది. ఆ సైటు 2004లో మన బాజీ డాట్ కామ్‌ను కొనుక్కుని ఇక్కడ కాపురం పెట్టి, 2018 ఆగస్టులో సర్దుకుంది. మావాడు మాత్రం సర్దుకోలేదు, నేరుగా సీమకే తగులుకున్నాడు.

ఇంతవరకూ వెర్రి, ఒప్పుకుంటాను. నేనూ కొంచెం తడిశాను. మా నాన్న హెర్క్యులిస్‌కు లూకాస్ డైనమో లైటు ఉండేది. ఆయన పోయాక ఆ సైకిల్‌ను పాత సామాన్లవాడికి తూకానికేశాం, ఉల్లిగడ్డలొచ్చాయి. అలాంటి లైటే ఓ రాత్రి వేలంలో కనిపిస్తే పాడాను. ఓడిపోయాను. రెండ్రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు మా ఆవిడ "లైటొస్తే మీ నాన్న వస్తాడా?" అంది. నిజమే, ఆయన వెనకే పోయిన సైకిలే రాదు.

నాకు ఒళ్లు మండేది వెర్రికి కాదు, దాని మీద కప్పే శాలువాకు. "వారసత్వాన్ని కాపాడుతున్నాం" అంటారు. ఎవరి బారి నుంచి? నిండు సైకిల్‌కు వచ్చే ధర కన్నా దాన్ని విప్పి గేరొకరికి, సీటొకరికి, బెల్లొకరికి అమ్మితే వచ్చేది ఎక్కువని ప్రతి అమ్మకందారుకూ తెలుసు. అందుకని ఎక్కడో గొడ్లపాకలో యాభై ఏళ్లుగా ఏ స్క్రూ పోకుండా నిలబడ్డ సైకిల్‌ను బయటికి తీసి, కడిగి, ఫొటో తీసి, కాళ్లూ చేతులూ విరిచి అంగడికెక్కిస్తున్నారు. నాలుగు పాటల్లో నలుగురు గెలుస్తారు, ఓడింది సైకిల్. విడిభాగం అరుదవుతోందని గుండెలు బాదుకునేవాడే మొత్తం సైకిల్‌ను అరుదు చేస్తున్నాడు. ఓరుగల్లు కోట తోరణం మీది హంసనొక్కదాన్ని ఊడబెరికి డ్రాయింగ్ రూములో పెట్టుకుని, "కాకతీయుల శిల్పాన్ని కాపాడాను" అన్నట్టుంటుంది.

ఇటలీ టస్కనీలో 1997 నుంచి లెరోయికా అని ఓ సైకిల్ జాతర జరుగుతోంది. 1987కు ముందరి రేసు సైకిళ్ల మీదే మట్టిరోడ్లు తొక్కాలి. వాళ్లు పాత గేరు కోసం పోటీపడితే అర్థముంది. తొక్కుతారు, పడతారు, గేరు అరిగిపోతే మరోటి వెతుక్కుంటారు. మావాడి బీరువాలో ఉన్న కంపాన్యోలో కంపెనీ సరుకు పుట్టిందే అలాంటి మనిషి చేతుల్లో. 1927లో ఓ కొండదారిన మంచులో రేసు తొక్కుతూ, వేళ్లు కొంకర్లుపోయి చక్రం నట్టు విప్పలేక వెనకబడ్డ టుల్లియో కంపాన్యోలో, ఒక్క మీట తిప్పితే చక్రం ఊడొచ్చే ఉపాయం కనిపెట్టాడని చెబుతారు. ఆగకుండా పోవాలని ఆ మనిషి పడ్డ తాపత్రయం అది. దాన్ని తెచ్చి తాళం వేసి కూర్చోబెట్టాం.

మన వైపు సైకిల్‌కు గౌరవం లేకపోలేదు. ర్యాలీ సైకిల్ పెడితే గానీ అలకపాన్పు దిగనన్న పెళ్లికొడుకులు మా బంధువుల్లోనే ముగ్గురున్నారు. కానీ ఆ ముగ్గురూ మర్నాటి నుంచీ దాన్ని తొక్కారు. ఫ్రీవీలు జారితే విప్పించి కిరసనాయిలుతో కడిగించారు, సీటు చిరిగితే గోనెపట్టా కట్టారు, పెడల్ రబ్బరు పోతే ఇనప కడ్డీ మీదే అరికాలు పెట్టారు. పుట్టిన నెల చూసి హబ్బు వేయించుకున్నవాడు ఒక్కడూ లేడు.

మొన్న ఆదివారం సురంగల్ వెళ్తే మావాడు హాల్లో లేడు. గేటు దగ్గర, వాచ్‌మన్ సైకిల్ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. పాత అట్లాస్. సోనీపత్‌లో 1951లో మొదలైన ఆ కంపెనీ తన చివరి ఫ్యాక్టరీని సాహిబాబాద్‌లో 2020 జూన్ 3న మూసేసింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం, అది మావాడి తప్పు కాదు. మూతపడింది కాబట్టి ఇక 'రేర్'. హ్యాండిల్ కింద భూగోళం మోస్తున్న మనిషి బొమ్మ బిల్లను వేలితో నిమురుతున్నాడు. ఈసారి గ్లౌజులు లేవు.

"ఈ బిల్ల నాకిస్తావా?"

వాచ్‌మన్ పాల క్యాను దించి సైకిల్ వంక, మావాడి వంక చూశాడు. "బిల్ల ఊడగొడితె సైకిల్ నడుస్తదా సార్?"

"ఎందుకు నడవదు? దానికీ నడకకూ సంబంధమే లేదు."

"మరి మీకెందుకు సార్?"

మావాడు నా వైపు చూశాడు. నేను మామిడిచెట్టు వైపు చూశాను.

కాసేపాగి వాచ్‌మనే తేల్చాడు. "సరే తియ్యండి సార్. రెండు టైర్లు, రెండు ట్యూబులు ఏపియ్యుండ్రి. మొయినాబాద్ పోయొచ్చేటాలకు రోజు పంచరే."

అర్ధరాత్రి తొమ్మిది సెకన్లలో పౌండ్లు గుమ్మరించే మావాడు లేచి నిలబడి, ముందు టైరును బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఇది బాగానే ఉంది కదయ్యా. వెనకది ఒక్కటే వేయిస్తా."