ఫోను మీదే, తాళం మాదే

సంక్రాంతికి గుడివాడ చేరే అమెరికా అల్లుళ్లు రెండు రకాలు. డబ్బాతో ఫోను తెచ్చేవాళ్లు, డబ్బా లేకుండా తెచ్చేవాళ్లు. డబ్బాలో ఉన్నది కొత్తది, అది బావమరిదికి. డబ్బా లేనిది అల్లుడుగారు రెండేళ్లు వాడి, కొత్త మోడలు కొనుక్కున్నాక మిగిలింది. అది మావగారికి. మావగారు ముచ్చటపడి బటన్ నొక్కుతారు. ముందు ఫోను చేసిన కంపెనీ పేరు వెలుగుతుంది. తర్వాత దాన్ని అక్కడ సిమ్ముతో కలిపి అమ్మిన టెలిఫోను కంపెనీ బొమ్మ వెలుగుతుంది. అది ఒక పట్టాన ఆరదు. ఆరాక, అక్కడి ఫుట్‌బాల్ స్కోర్లు చెప్పే యాప్ ఒకటి, అక్కడి రోడ్ల మీద రద్దీ చెప్పే యాప్ ఒకటి, ఎవరూ వదలని సందేశాలను వినిపించే వాయిస్‌మెయిల్ ఒకటి వరసగా నిలబడతాయి.

"ఇవన్నీ తీసేయండి అల్లుడుగారూ, మనకెందుకు?"

"తీయడం కుదరదు మావయ్యగారూ. డిసేబుల్ చేయొచ్చు."

"అంటే?"

"ఉంటాయి. కనపడవు."

"మా వార్డు మెంబర్లాగా అన్నమాట" అని మావగారు అర్థం చేసుకుంటారు.

పండగ వెళ్లాక అల్లుడు విమానం ఎక్కుతాడు, ఫోను బస్టాండు దగ్గరున్న రిపేరు కొట్టుకెక్కుతుంది. అక్కడ కూర్చునే కుర్రాడికి ఇంజనీరింగ్ డిగ్రీ లేదు గానీ, ఉన్నవాళ్లు పాడుచేసిన ఫోన్లన్నీ బాగుచేస్తాడు. ఫోను అటూ ఇటూ తిప్పి చూసి తీర్పు చెప్పేశాడు.

"సిమ్ లాక్ అయితే కోడ్ తెప్పిస్తాను బాబాయ్‌గారూ. బూట్‌లోడర్ మాత్రం అడక్కండి. అది కంపెనీవోళ్ల ఆస్తి."

"మరి నాదేంటిరా ఇందులో?"

"టెంపర్డ్ గ్లాసు మీదేనండీ. పౌచ్ కూడా మీదే."

ఇంతకంటే సూటిగా యాజమాన్య హక్కుల మీద మాట్లాడిన న్యాయవాదిని నేను బందరు కోర్టులో కూడా చూడలేదు. అమెరికాలో టెలిఫోను కంపెనీ ముద్ర వేసి అమ్మే ఆండ్రాయిడ్ ఫోనుకు సాధారణంగా రెండు తాళాలుంటాయి. పైది సిమ్ తాళం, వేరే కంపెనీ సిమ్ము వేస్తే పలకదు. లోపలిది బూట్‌లోడర్ తాళం. బటన్ నొక్కగానే ఆండ్రాయిడ్ కంటే ముందు నిద్రలేచే చిన్న ప్రోగ్రామ్ ఈ బూట్‌లోడర్. లోపలున్న సిస్టమ్ మీద కంపెనీ సంతకం ఉందా అని చూస్తుంది. ఉంటే ముందుకు పోనిస్తుంది, లేకపోతే గుమ్మంలోనే ఆపేస్తుంది. మీ సంతకం పనికిరాదు. ఫోను కొన్న వాయిదాల కాగితం మీద మాత్రం అదే సంతకం భేషుగ్గా పనికొచ్చింది.

ఈ తాళాల మీద అమెరికాలో చట్టాలు లేకపోలేదు. పై తాళాన్ని కంపెనీ అనుమతి లేకుండా తీసుకోవడం 2013 జనవరి తర్వాత కొన్న ఫోన్లకు కొంతకాలం చట్టవిరుద్ధం. జనం గోల చేశాక 2014 ఆగస్టు 1న ఒబామా సంతకంతో వచ్చిన చట్టం ఆ తప్పును ఒప్పు చేసింది. లోపలి తాళం సంగతి అంతకుముందే, 2010లోనే తేల్చారు. నచ్చిన ప్రోగ్రాములు నడుపుకోవడానికి ఫోను తాళం తీసుకుంటే నేరం కాదని లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్ సెలవిచ్చారు. (అవును, అక్కడ ఈ సంగతి తేల్చేది గ్రంథాలయాధికారే. మన దగ్గర శాఖా గ్రంథాలయంలో ఆదివారం పేపరు ఇప్పించడం కూడా గ్రంథాలయాధికారి చేతిలో లేదు.) నేరం కాదన్నారు, బాగానే ఉంది. తాళంచెవి ఇచ్చితీరాలని మాత్రం కంపెనీలకు చెప్పలేదు. పగలగొట్టుకునే హక్కు మీకిచ్చి, పగలని తాళం చేసుకునే హక్కు వాళ్లకిచ్చారు. ఇరుపక్షాలకూ సమన్యాయం.

కంపెనీలు మారాలని ప్రయత్నించలేదని అనకూడదు. 2011లో హెచ్‌టీసీ అధిపతి పీటర్ చౌ, ఇక మీదట మా ఫోన్ల బూట్‌లోడర్లకు తాళాలు వేయం అని ప్రకటించాడు. కుర్రకారు పొంగిపోయారు. తీరా చూస్తే కొందరు టెలిఫోను కంపెనీవాళ్లు అమ్మిన మోడళ్లకు ఆ వరం చేరలేదు. 2013లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4 వచ్చినప్పుడు టీ-మొబైల్ దగ్గర కొన్నవాడికి తలుపు తెరిచే ఉంది, ఏటీ అండ్ టీ దగ్గరో వెరైజన్ దగ్గరో కొన్నవాడికి మూసి ఉంది. ఫోను ఒకటే, పేరు ఒకటే, కొట్టు వేరు. ఆఖరికి గూగుల్ తన సొంత పిక్సెల్ ఫోను తెచ్చినా అదే వరస. గూగుల్ దగ్గర కొంటే తెరుచుకోవచ్చు, వెరైజన్ దగ్గర కొంటే తెరవనివ్వరు. ఆండ్రాయిడ్‌ను కన్న తండ్రికే ఆ ఇంట్లో చనువు లేదంటే, మధ్యలో గుడివాడ మావగారెంత?

ఇదంతా అమెరికా జబ్బు, మనకు లేదు అనుకుంటే పొరపాటు. 2003లో రిలయన్స్ వాళ్లు 501 రూపాయలు కట్టండి, ఫోను పట్టుకెళ్లండి అన్నప్పుడు బందరులో బారులు తీరినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సీడీఎంఏ ఫోను అది. సిమ్మే లేదు, నంబరు ఫోను పొట్టలోనే ఉండేది. కంపెనీ మారాలంటే పొట్టతో సహా మారాలి. 2017లో జియోఫోన్ వచ్చింది. 1,500 రూపాయలు డిపాజిట్, మూడేళ్ల తర్వాత ఫోను తిరిగిస్తే డబ్బు వాపసు, వేరే సిమ్ము మాత్రం వేయకూడదు. 2021 దీపావళికి జియోఫోన్ నెక్స్ట్ వచ్చింది. ఆండ్రాయిడ్‌కు గూగుల్‌తో కలిసి మార్పులు చేసి ప్రగతి ఓఎస్ అని పేరు పెట్టారు. ధర 6,499. అంత ఒకేసారి లేకపోతే ముందు కొంత కట్టి, మిగతాది నెలనెలా. డేటా మాత్రం జియోదే. మన దేశంలో ప్రగతి ఎప్పుడూ వాయిదాల మీదే వచ్చింది కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు.

తాళం వేయడంలో ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం తీసిపోకూడదు కదా. 2022 డిసెంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజున రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి పిల్లలకూ, టీచర్లకూ కలిపి ఐదు లక్షల పైచిలుకు ట్యాబ్‌లు పంచారు. లోపల బైజూస్ పాఠాలు. పిల్లలు పాఠాలు తప్ప మరేమీ చూడకుండా మొబైల్ డివైజ్ మేనేజ్‌మెంట్ అనే తాళం. ఆ తర్వాత కథ పేపర్లలో వచ్చిందే. ఎనిమిదో తరగతి పిల్లలు సెల్ కొట్లకు వెళ్లి తాళాలు తీయించుకుని సినిమాలు చూస్తున్నారని. అమెరికాలో పెద్ద పెద్ద ప్రోగ్రామర్లు ఏళ్ల తరబడి ఏడుస్తుంటే, మన జిల్లాపరిషత్ హైస్కూలు వెనక బెంచీ ఆ పని పండగ సెలవుల్లో పూర్తి చేసింది. 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థ దివాలా ప్రక్రియలో పడింది. పాఠాలు చెప్పినవాళ్లు ఉన్నారో లేదో తెలియకపోయినా, తాళం తీసే పాఠం మాత్రం పిల్లలకు ఎక్కింది. ఆ పథకంలో కొలవగలిగిన అభ్యసన ఫలితం అదొక్కటేనని నా అభిప్రాయం.

ఇంకో ముచ్చట. 2015 ఆగస్టులో విశాఖపట్నంలో పెద్ద సభ పెట్టి షావోమీవాళ్లు రెడ్‌మీ 2 ప్రైమ్ విడుదల చేశారు. మన శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో బిగించిన ఫోను. ఆంధ్రా ఫోను అని మనమంతా చొక్కా గుండీలు సర్దుకున్నాం. కొన్ని నెలలు తిరగ్గానే షావోమీ ఫోన్ల బూట్‌లోడర్ తెరవాలంటే కంపెనీ అనుమతి కావాలన్నారు. అర్జీ పెట్టుకుంటే చాలామందికి 168 గంటలు ఆగమని వచ్చేది. అంటే వారం. ఈ వారంలో మీ మనసు మారుతుందేమోనని కంపెనీ పెద్దమనసుతో ఇచ్చే గడువు. శ్రీసిటీలో పుట్టిన బిడ్డ పెళ్లికి బీజింగ్ అనుమతి. ఆ మాత్రం దారి కూడా ఎందుకని 2025లో శామ్‌సంగ్ తన వన్ యూఐ 8తో అన్‌లాక్ అనే మీటనే మాయం చేసింది. మీట లేకపోతే నొక్కుదామన్న దుర్బుద్ధీ పుట్టదు.

కంపెనీలను అడిగితే భద్రత అంటారు. అందులో నిజం లేకపోలేదు. బందరు బస్సులో జేబు కొట్టేసినవాడు ఫోనులో తనకు నచ్చిన సిస్టమ్ ఎక్కించి, మన బ్యాంకు వివరాల మీద కూర్చోకుండా ఈ తాళం అడ్డుపడుతుంది. ఒప్పుకున్నాం. దొంగ నుంచి కాపాడినందుకు దండం కూడా పెడతాం. వాయిదాలన్నీ కట్టి, ఆధార్ చూపించి, నేనే యజమానిని అన్నా కూడా తాళంచెవి ఇవ్వకపోవడాన్ని ఏమనాలో మాత్రం తెలియడం లేదు. పైగా ఎలాగో తెరిచారే అనుకోండి, అప్పుడు రెండో శిక్ష. శామ్‌సంగ్ ఫోనులో నాక్స్ అనే ఒక ఫ్యూజు ఉంటుంది. పరాయి సిస్టమ్ ఎక్కిందంటే అది మాడిపోతుంది, మళ్లీ వేయడానికి ఏ లైన్‌మన్‌నూ పిలవలేం. ఇక చాలా బ్యాంకు యాప్‌లు తెరిచిన ఫోనును వాసన పట్టి, నీలాంటి నమ్మరానివాడితో లావాదేవీలు కుదరవు అంటాయి. ఓటీపీ అడిగే దొంగ కాల్ మాత్రం తాళం వేసిన ఫోనుకూ నిరాటంకంగా వస్తుంది.

2025 నవంబరు ఆఖరులో కేంద్రం కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ యాప్ ముందే పెట్టి అమ్మాలని ఆదేశించింది. దేశమంతా భగ్గుమంది. డిసెంబరు 3కల్లా ఆదేశం వెనక్కిపోయింది. ప్రజాస్వామ్యం బతికే ఉందని నేనూ చంకలు గుద్దుకున్నాను. ప్రభుత్వం పెడతానన్నది ఒక్క యాప్. కంపెనీ పెట్టినవి నా ఫోనులో బారెడున్నాయి. వాటికి ఏ పార్లమెంటులో వాకౌట్ చేయాలో ఎవరూ చెప్పరు.

నాగాయలంకలో నాకు తెలిసిన రొయ్యల రైతు ఒకాయన ఉన్నాడు. కూతురు న్యూజెర్సీ నుంచి ఏనాడో పంపిన ఫోనును చెరువు గట్టు మీది పాకలో పెట్టుకున్నాడు. వానకు తడిసింది, ఉప్పుగాలికి ఎండింది, ఏరియేటర్ పక్కన కిందపడింది. చావలేదు. రొయ్య కౌంట్ ధర వాట్సాప్‌లో చూసుకునేవాడు. 2025 జనవరి 1 నుంచి వాట్సాప్ ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్‌ను వదిలేసింది. ఈయన ఫోను కిట్‌క్యాట్ దగ్గరే ఆగిపోయింది. స్వచ్ఛంద ప్రోగ్రామర్లు పాత ఫోన్లకు కొత్త ఆండ్రాయిడ్ అమర్చే లీనియేజ్ ఓఎస్ లాంటివి ఊరికే ఇస్తారు గానీ, ఎక్కించాలంటే ముందు బూట్‌లోడర్ తెరవాలి. ఆ ఫోను అమ్మిన టెలిఫోను కంపెనీ దగ్గర ఆయన వివరాలు లేవు, ఆయన దగ్గర వాళ్ల నంబరు ఉంది గానీ అందులో మనిషి ఎత్తడు.

"సోమవారం బందరు కలెక్టరేట్‌లో అర్జీ పెడతానండీ" అంటున్నాడు. పెడితే ఏమవుతుందో నేను ఇక్కడ కూర్చునే చెప్పగలను. ఆపరేటర్ అర్జీ చదువుతాడు: లాకు తెరుచుకోవడం లేదు, తెరిపించగలరు. అర్జీదారుడిది దివిసీమ. ఇంకేం ఆలోచిస్తాడు, జలవనరుల శాఖకు పంపేస్తాడు. శివారు ఆయకట్టు రైతు, నీళ్లు అందక, లాకు తెరిచే లస్కర్‌తో తగువు పడ్డాడు కాబోలు అనుకుంటాడు. రసీదు చేతికొస్తుంది. రెండో రోజు ఇంజనీరుగారే స్వయంగా ఫోను చేస్తారు.

"ఏ లాకండీ మీది? షట్టరు తుప్పు పట్టిందా?"

"కాలువ లాకు కాదండీ. ఫోనుది."

"ఫోనుదైనా సరే, దానికో కస్టోడియన్ ఉంటాడు కదా. కీ ఎవరి దగ్గరుంది?"

"అమెరికాలో ఉందండీ."

"ఉండనివ్వండి. అక్కడ లస్కర్ పేరేంటి?"

"మనిషి లేడండీ. లాకు ఒక్కటే ఉంది."

అవతల కాసేపు కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"మనిషి లేని లాకును ఎవరు శాంక్షన్ చేశారండీ?"