కమ్మరికి సుత్తి దానం

కమ్మరి వీధిలో సూదులమ్మడమంటే ఏమిటో ఈ మధ్య అన్నవరంలో కళ్ళారా చూశాను. రత్నగిరి మీద వ్రతం చేయించుకుని ప్రసాదం పొట్లంతో దిగిన ఓ కుర్రాడు, కొలిమి ముందు ఫోను పట్టుకు నించుని, "తాతగారూ, డమాస్కస్ కత్తికి మన ఉక్కేనట కదా! ఆ రహస్యం మీ వంశంలో ఎవరికైనా తెలుసా?" అన్నాడు. తాతగారు పట్టకారు పక్కనపెట్టి, "ఆయ్, మాకు కొబ్బరికాయ వొలిచే గునపం తెలుసండి" అన్నారు. రీలుకి ఆ జవాబు పనికిరాలేదు.

నాయనా, ఆ ఉక్కు మూసల్లో కరిగించింది నిజామాబాదు వైపు కోనసముద్రంలో. అన్నవరంలో కాదు. ఈ తాతగారి కత్తికి ఉక్కు పాత లారీ కమాను పట్టాలోంచి వస్తుంది. రహస్యం కావాలంటే తుక్కు కొట్టుకెళ్ళి అడుగు.

సరే, కుర్రాడంటే కుర్రాడు. ఢిల్లీ పెద్దలకేమైంది? 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. అందులో లోహార్ ఒకరు, ఆయుధాలు చేసేవారు ఒకరు, సుత్తులూ పనిముట్లూ చేసేవారు ఇంకొకరు, తాళాలు చేసేవారు మరొకరు. మా వైపు ఈ నలుగురూ ఒక్క కమ్మరే. తనలో నలుగురున్నారని ఆయనకి ఇన్నాళ్ళూ తెలీదు పాపం.

ఇంతకీ ఆ కమ్మరికి ఇచ్చేదేమిటి? పనిముట్లు! కొనుక్కోమని రూ.15,000 దాకా వోచరు. సుత్తి చేసేవాడికి సుత్తి. పట్టకారు చేసేవాడికి పట్టకారు. వంటవాడికి విస్తరేసి అన్నం ఎలా తినాలో చూపించినట్టు.

తాతగారి సుత్తి పిడి నలభై ఏళ్ళుగా ఆయన అరచేతి ఒరిపిడికి అరిగి, ఆ గుప్పిటకే సరిపోయేలా తయారైంది. ఇనుప తల ఆయన కొట్టుకున్నదే. దాన్ని పక్కనపెట్టి దుకాణంలో సుత్తి ఎంచుకోవాలట. పిడి సరిపోకపోతే ఎవరికి చెప్పుకోవాలి? కమ్మరికే.

దానితోపాటు అయిదు నుంచి ఏడు రోజుల శిక్షణ, రోజుకి రూ.500 భత్యం. పదేళ్ళప్పుడే తిత్తి దగ్గర కూర్చోబెట్టిన తండ్రి భత్యం ఇవ్వలేదు, మొట్టికాయలిచ్చాడు. ఎర్రగా కాలిన ఇనుమెప్పుడు తియ్యాలో, కత్తి అంచుని నీళ్ళలో ఎంతసేపు ముంచాలో రంగు చూసి తెలుసుకోవడం ఆ మొట్టికాయల్లోనే వచ్చింది.

ఆ పథకంలోనే ఇచ్చే అయిదు శాతం వడ్డీ అప్పుని నేను తీసిపారెయ్యను. నా ఒళ్ళు మండేది ఇంకో నిబంధనకి: కుటుంబానికి ఒక్కరే. కొలిమి దగ్గర ఒక్కరి పని ఎక్కడుందండీ? పట్టకారుతో ఇనుము తిప్పేది ఆయన. సమ్మెట ఎత్తి దెబ్బ మీద దెబ్బ వేసేది వాళ్ళావిడ. ఆ దెబ్బలకి భుజాలు పడిపోయిన మనిషి. ఆయన పేరు రాయించుకుంటే కాగితంలో ఆవిడ కమ్మరి కాదు. కుర్రాడి ఫోనులోనూ ఆవిడ లేదు. గడ్డమున్న తాతగారొక్కరే "వారసత్వం". ఆవిడ మటుకు అడ్డం, "కొంచెం పక్కకి జరగండమ్మా" అన్నాడు వాడు. నా ఎదుటే అన్నాడు.

"అంతరించిపోతున్న కళ" అని నిట్టూర్చేవాళ్ళకి ఒక్క మాట. ఇది కళ కాదు, పని. కర్రు సాగగొట్టినందుకూ కొడవలికి కక్కు పెట్టినందుకూ ఏడాదికోసారి రైతులు కళ్ళంలో మేర ధాన్యం కొలిచేవారు. ట్రాక్టరొచ్చి కర్రు పోయింది, కోత మిషనొచ్చి కొడవలి పోయింది, వాటి వెనకే మేరా పోయింది. పోయింది గిరాకీ. రహస్యం కాదు.

మీ ఇంట్లో కత్తిపీట మొండిబారే ఉంటుంది. పట్టుకెళ్ళండి. అడిగినంత ఇవ్వండి, బేరమాడకండి. సగం ఆవిడ చేతికివ్వండి.