సారమేయ సంచార ప్రబంధము

హైదరాబాదు మహానగరమున, ఓట్ల లెక్కలో జూబ్లీహిల్స్‌కును కూరగాయల లెక్కలో తనకు తానుగాను చెల్లు ఎర్రగడ్డ యను పురము గలదు. 2017 నుంచి దాని నెత్తిమీద మెట్రో ఆకాశగమనం చేస్తోంది. కింద భూలోకాన్ని మాత్రం రైతుబజారు ఆటోలు ఎవరికీ వదలవు. అచట ఒక విశ్రాంత గుమస్తా, ఆయనకొక లాబ్రడార్. పేరు బ్రూనో. ప్రాయము 10 నెలలు, భారము 28 కిలోలు, బుద్ధి ఇంకా తూకానికి రాలేదు.

సూర్యరథం ఎస్సార్‌నగర్ సిగ్నల్ దగ్గరే ఆగి ఉన్న వేళ, తారు కాలకముందే, గేటు తెరుచుకున్నది. అంతే! నైలాన్ పాశము ఫెళ్లున బిగిసె. ముందు బ్రూనో, వెనుక లుంగీ అంచు చేతబట్టిన వృద్ధవీరుడు. మొదటి కరెంటు స్తంభానికి ఆఘ్రాణము, రెండోదానికి అభిషేకము, మూడోదానికి రెండూ.

ఆయన వెనక్కి గుంజాడు. గుంజేకొద్దీ అది ఎదురు గుంజింది. ఒత్తిడికి ఎదురొడ్డడం కుక్కలకు సహజం. పైగా గుంజినప్పుడల్లా కోరిన స్తంభం దక్కుతోంది గనక, గుంజడాన్నే నడక అంటారని అది నిర్ధారించుకుంది. ఇందులో తప్పు శిష్యుడిది కాదని నా అభిప్రాయం.

అప్పుడు మనవరాలు గీతోపదేశము చేసె: "తాతా, అది గుంజితే నువ్వు చెట్టు లెక్క నిలబడు. తాడు వదులైతేనే అడుగెయ్యి." బ్రహ్మాస్త్రం గురించి విన్నాడు, పాశుపతం గురించి విన్నాడు, కదలకపోవడం కూడా అస్త్రమేనని ఏ పురాణమూ ఆయనకు చెప్పలేదు. బ్రూనో ఛాతీకి కొక్కెమున్న హార్నెస్ అను కవచము తొడిగిరి. తాత జేబులో ఉడికించిన కోడికార్జం ముక్కలు నింపిరి.

బ్రూనో గుంజెను. తాత నిలిచెను. మరల గుంజెను. మరల నిలిచెను. చెత్త ఆటో పాడుకుంటూ పోయెను. పాలప్యాకెట్ల కుర్రవాడు, "ఏంది తాతా, పెట్రోల్ ఒడిసిందా?" అనెను. ధీరుడు ఉలకడు, పలకడు. ఎట్టకేలకు బ్రూనో మెడ తిప్పి చూసింది. తాడు సడలి మధ్యలో వంగింది. ఆహా, ఆ వంపు! నాయిక కనుబొమల మీద మన కవులు దుబారా చేసిన ఉపమానాలన్నీ తెచ్చి ఆ నైలాన్ తాడుకే ఇచ్చేయాలి. తక్షణమే ఎడమ మోకాలి పక్కన కార్జం నైవేద్యమయ్యె. ఒక అడుగు. ఇంకో అడుగు. నాలుగిళ్లు దాటేసరికి కాలనీ అంతా కిటికీల్లోకి వచ్చింది.

ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిన కుక్కకు తాడే లేదు కదా అని పండితులు ఆక్షేపించవచ్చు. నిజమే. కానీ ఆ దారిలో చికెన్ సెంటర్ లేదు.

ఇక్కడ ఉంది. అప్పుడే దాని షట్టరు లేచె.

ఇది శ్రీమదెర్రగడ్డ పురవాస్తవ్య, కార్జఖండ హస్త, ఏకపాదరక్షావశిష్ట వృద్ధవీర చరితంబైన సారమేయ సంచారంబను మహాప్రబంధంబునందు సర్వంబును ప్రథమాశ్వాసము. రెండో చెప్పు దొరికాక ద్వితీయాశ్వాసము.