మదనపల్లె టమాటా బాక్సు ఆత్మకథ

నేను మదనపల్లె మార్కెట్లో తిరిగే ప్లాస్టిక్ బాక్సును. గాలి ఆడడానికి పక్కలకు సందులు, అంచున రంగుతో మండీ గుర్తు. నిండితే పాతిక, ముప్పై కిలోల టమాటా పడుతుంది. తోట నుంచి మండీకి నిండుగా పోవడం, ఖాళీగా తిరిగి రావడం, ఇదే నా బతుకు. మా మార్కెట్ దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. కాస్త ఎత్తైన నేల, చల్లని రాత్రులు ఉండబట్టి, మిగతా చోట్ల ఎండకు పూత రాలిపోయే రోజుల్లోనూ ఇక్కడ కాయ దిగుతుంది. అందుకే మా సరుకు చెన్నై, బెంగళూరే కాదు, ఢిల్లీ దాకా పోతుంది.

మండీలో దించాక మమ్మల్ని వరసలుగా పేరుస్తారు. వేలం పాట మొదలవుతుంది. వ్యాపారులు వరస వెంట నడుస్తూ కాయ నొక్కి చూస్తారు, రంగు చూస్తారు, ధర చెబుతారు. మా రైతు అందరికంటే ఇరవై రూపాయలు ఎక్కువ అడిగాడనుకోండి, వ్యాపారి మారు మాట్లాడడు. పక్క వరసకు పోతాడు. అక్కడా అదే రకం కాయ. అంటే, ఒక్క రైతు సరుకుకు ఉన్న డిమాండ్ పూర్తి వ్యాకోచం: ధర పిసరంత పెంచినా కొనేవాడు ఉండడు. మార్కెట్ ధరకు మాత్రం ఆయన ఎన్ని బాక్సులు తెచ్చినా అమ్ముడుపోతాయి. కాబట్టి పంట రెట్టింపైతే రాబడి రెట్టింపవుతుందని ఆయన వేసుకునే లెక్క, తన ఒక్కడి వరకు తప్పేమీ కాదు.

మండీలోని బాక్సులన్నీ కలిపి చూస్తేనే లెక్క తిరగబడుతుంది. ఇంట్లో చారుకు, పప్పుకు ఎన్ని కాయలు కావాలో అన్నే కావాలి. ధర సగానికి పడిందని ఎవరూ రెండు గిన్నెల చారు తాగరు. ధర రెట్టింపైనా కొనడం మానరు. నాలుగు కాయలు తగ్గించి, చింతపండు కాస్త ఎక్కువ వేసి గడుపుకుంటారు. ధర నూటికి ఇంత మారితే కొనుగోలు నూటికి ఎంత మారుతుందో చెప్పే ఈ కొలతను ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో అచ్చైన తన అర్థశాస్త్ర గ్రంథంలో పాఠంగా నిలబెట్టాడు. మన ఇంటర్ పుస్తకాల్లో దాని పేరు డిమాండ్ వ్యాకోచత్వం. ఆ కొలత ఒకటి కంటే తక్కువైతే అవ్యాకోచ డిమాండ్. టమాటాది అదే జాతి.

లెక్క కోసం అనుకుందాం. ఒక రోజు వెయ్యి బాక్సులు వచ్చాయి, బాక్సు మూడు వందలకు పోయింది. రైతులందరికీ కలిపి మూడు లక్షలు. మర్నాడు పన్నెండు వందల బాక్సులు దిగాయి, ధర నూటయాభైకి పడింది. మొత్తం లక్షా ఎనభై వేలు. సరుకు ఇరవై శాతం పెరిగింది, ధర యాభై శాతం పడింది: వ్యాకోచత్వం 0.4. ఎక్కువ కాయ కోసి, ఎక్కువ కూలి ఇచ్చి, ఎక్కువ బాడుగ కట్టి, తక్కువ డబ్బుతో ఇంటికి పోయారు. ఇలాంటి రోజుల్లో పాట ముగిశాక వినబడే మాటలు ఇవీ:

"ఏంది మామా, నిన్న మూడు వందలు పోయె గదా!"

"నిన్న యార్డు సగం ఖాళీ అల్లుడూ. ఈపొద్దు కాలు పెట్టను సందు లేదు, చూడు."

ఇది టమాటా ఒక్కదాని తలరాత కాదు. ఇంగ్లండులో చార్లెస్ డేవనెంట్ 1699లో ధాన్యం గురించి ఒక పట్టిక అచ్చువేశాడు. పంట పదో వంతు తగ్గితే ధర పదిలో మూడు వంతులు పెరుగుతుందని, పదిలో మూడు వంతులు తగ్గితే ధర పదిలో పదహారు వంతులు పెరుగుతుందని అందులో ఉంది. కడుపుకు తప్పనిసరి అయిన సరుకు కొద్దిగా తగ్గినా ధర ఎగిరి దూకుతుందని మూడు వందల ఏళ్ల కిందటే లెక్క తేలిపోయింది.

2023 జులైలో ఆ ఎగురుడు కళ్లారా చూశాను. మా మార్కెట్లోనే మంచి కాయ కిలో నూటయాభై దాటింది. కేంద్రం చెప్పగా నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ సంస్థలు ఇక్కడా కొన్నాయి. జులై 14 నుంచి ఢిల్లీలో కిలో తొంభైకి అమ్మించారు. నాణ్యమైన కాయ చాలినంత దొరకడం లేదని ఉత్తర, తూర్పు భారతంలోని చాలా మెక్‌డొనాల్డ్స్ హోటళ్లు బర్గర్లలో టమాటా ఆపేశాయి. అంత ధర ఉన్నా సరుకు ఎందుకు పెరగలేదు? నారు నాటాక తొలి కోతకు రెండు నెలలకు పైగా పడుతుంది. ఈ ఉదయం మండీకి ఎంత కాయ వచ్చిందో అంతే. ఎంత ధర పలికినా అది ఒక్క బాక్సు పెరగదు.

ఆ రెండు నెలల్లోనే అసలు కథ నడుస్తుంది. రేటు చూసి అందరూ ఒకేసారి నారు కొంటారు. అందరి తోటా ఒకేసారి కాపుకొస్తుంది. అప్పుడు ధర కూలుతుంది, వచ్చే పైరుకు సగం మంది మానేస్తారు, మళ్లీ కొరత. ఈ ఊగుడుకు నికొలస్ కాల్డార్ 1934లో సాలెగూడు సిద్ధాంతమని పేరు పెట్టాడు. ధర మరీ పడి, కోతకూలి, బాడుగ, కమీషన్ కూడా రానప్పుడు రైతు కోత ఆపేస్తాడు. కట్టెలకు, మందులకు పెట్టిన డబ్బు కోసినా రాదు, కోయకున్నా రాదు. కోస్తే చేతిది ఇంకాస్త పోతుంది. తోటలో కాయ రాలిపోతుంటే "పిచ్చోడు, తెచ్చి అమ్ముకోవచ్చు గదా" అనేవాళ్లుంటారు. ఆయన చేసింది సరైన లెక్కే.

దీనికి మందు లేకపోలేదు. అయితే ఆలుగడ్డను దాచినట్టు నెలల తరబడి దాచుదామంటే టమాటా ఒప్పుకోదు. మరీ చల్లగా పెడితే కాయ పాడవుతుంది. ఎక్కువైన సరుకును గుజ్జుగా, పొడిగా మార్చే కర్మాగారాలు మార్కెట్ దగ్గరే ఉంటే కొనేవాళ్లు పెరుగుతారు, ధర అంత లోతుకు పడదు. టమాటా, ఉల్లి, ఆలుగడ్డల కోసం 2018-19 బడ్జెట్లో అయిదు వందల కోట్లతో ప్రకటించిన ఆపరేషన్ గ్రీన్స్ ఉద్దేశం ఈ ఊగుడును తగ్గించడమే. అయితే ఫ్యాక్టరీకి గుజ్జు ఎక్కువ, నీరు తక్కువ ఉండే రకాలు కావాలి. మండీలో రంగుకు, గట్టిదనానికి ధర పలికే కాయ అందుకు అంతగా పనికిరాదు. అందుకే ఫ్యాక్టరీకి వేసే తోట వేరేగా, ముందే ధర ఒప్పుకుని వెయ్యాలి.

రైతన్నలకు నా విన్నపం ఒక్కటే. బోర్డు మీద రేటు చూసి నారు కొనకండి. అది ఈపొద్దు ధర; మీ కాయ అమ్ముడుపోయేది రెండు నెలల తర్వాతి ధరకు. చుట్టుపక్కల నర్సరీల్లో ఎంత నారు అమ్ముడైందో ముందు అడగండి. అందరూ వేస్తున్నారని తేలితే, మీరు సగం చేనుకే వేసి మిగతా సగంలో వేరే పంట పెట్టండి.